ఏడు తాటిచెట్లకు సున్నపు బొట్టు

పక్కింటివాళ్లు ఇవాళ పొద్దున్నే వాకిట్లో పీపా పెట్టి సున్నం తడిపారు. రాళ్ల మీద నీళ్లు పడగానే బుసబుసమని పొంగి, ఆవిరి లేచి, ఆ ఘాటు ప్రహరీ దాటి మా వంటింట్లోకి వచ్చేసింది. తడిసున్నం వాసన ఇప్పటి పిల్లలకు తెలియదు, డబ్బాల్లో వచ్చే రంగులే తెలుసు. కాస్త వేడిగా, కాస్త మట్టిగా, ముక్కు లోపల ఎవరో గోటితో గీరినట్టు ఉంటుంది. నేను కిటికీ తలుపులు మూసేశాను.

నన్ను ఎరిగిన వాళ్లందరి నోటా నేను పిసినారిని. చిరిగిన చీరను బొంతకు వాడతాను, బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్కకు పోస్తాను, అగ్గిపుల్ల రెండోది గీస్తే మనవరాళ్లను కేకలేస్తాను. అలాంటిదాన్ని, గోడలకు చవగ్గా అయిపోయే సున్నం మాత్రం వేయించను. తాడేపల్లిగూడెంలో ఈ ఇల్లు కట్టుకున్నప్పటి నుంచీ రంగే. "అన్నిట్లోనూ పొదుపు చేస్తావు, దీనికి మాత్రం ఎందుకు అమ్మమ్మా ఇంత దుబారా?" అని పెద్ద మనవరాలు నవ్వుతుంది. సున్నం నాకు పడదే అని ఊరుకుంటాను. ఎందుకు పడదో ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్లు ఒక్కరూ మిగల్లేదు కనక ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరు ఏలూరుకు ఉత్తరాన, పెదవేగి దాటి ఎర్రమట్టి బండిబాటలో ఇంకా లోపలికి పోతే, అడవిని ఆనుకుని ఉండేది. తెల్లదొరల కాలం. ఊరి పేరు చెప్పినా ఇప్పుడు ఎవరికీ తెలియదు, ఊరే లేదు కనక. ముప్పై గడపలైనా లేని పల్లె. మట్టిగోడలు, తాటాకు కప్పులు, ఇంటికీ ఇంటికీ మధ్య మేక దూరేంత సందు. కింద పల్లపు వాళ్లకు కాలవలూ వరిచేలూ ఉంటే మాకు జొన్న, చోడి, ఉలవ, అవీ ఆకాశం కరుణిస్తేనే. మాకున్న సిరి అంతా అడవే. చలికాలంలో పరికి పండ్లు, మాఘం దాటేసరికి ఆకు లేకుండా పూసి నిలబడే మోదుగలు, ఎండలు ముదిరేసరికి నాలుక మీద వగరూ తీపీ కలిసి నిలిచే తుమికి పండ్లు, ఆ తరవాత పసుపు ముద్దలు వేలాడదీసినట్టు రేల పూలు, తొలకరి పడ్డ నెలకల్లా మా నడుములు దాటిపోయే బోద గడ్డి. పిల్లలం ముంజెకాయ బుర్రలకు పుల్ల గుచ్చి బండి చేసుకుని ఆ ఎర్రదుమ్ములో పొద్దు గూకేదాకా తోలుతూ తిరిగేవాళ్లం. చింతపిక్కలు అరగదీసి గవ్వలాట ఆడేవాళ్లం. చద్దన్నంలోకి ఉలవచారు మరిగి మరిగి గరిటెకు అంటుకునే చిక్కదనానికి వస్తే, దాని వాసన పట్టుకుని ఏ మూల ఉన్నా ఇంటికి చేరేవాళ్లం.

అమ్మ పుట్టిల్లు మాత్రం కొల్లేటి లంక. చుట్టూ నీళ్లు, నీళ్ల చుట్టూ కిక్కిస రెల్లు, పడవ దిగితే గాని నేల తగలని చోట పుట్టిన మనిషిని తెచ్చి ఈ రాతినేల మీద పెట్టారు. ఏడాదికి రెండుసార్లు మా మేనమామ ఎండుచేపల బుట్ట మోసుకుని వచ్చేవాడు. ఆ బుట్ట దించగానే అమ్మ ముందు దాన్ని ముఖానికి ఆనించుకుని వాసన చూసేది, చేపలు ఎన్ని ఉన్నాయని ఆ తరవాతే చూసేది. అమ్మకు నిప్పంటే భయం. పొయ్యి ఆర్పాక బూడిద మీద చెయ్యి పెట్టి చూస్తేగాని పడుకునేది కాదు. గుమ్మం పక్కన అయిదు కుండలు ఎప్పుడూ నీళ్లతో నిండుగా ఉండాలి, వాటిలోంచి తాగడానికి కూడా ముంచనిచ్చేది కాదు.

"కొల్లేరుని ఎత్తుకొచ్చి గుమ్మంలో పెట్టిందమ్మా మా కోడలు" అని మామ్మ దెప్పేది. "బావి నుంచి మోసేది నేనే కదండీ అత్తయ్యగారూ, మీ నడుం నొప్పెట్టదు లెండి" అని అమ్మ మెల్లగానే అంటించేది.

మామ్మ అంటే మా నాన్న తల్లి. పొడుగ్గా, ఎండిన తాటిమట్టలాగా ఉండేది. చింతపండు పిప్పిని కూడా రెండోసారి నానబెట్టి ఇత్తడి చెంబులు తోమించేది. అన్నం తినే ఆకులో మెతుకు మిగిలితే ఆ మెతుకును మన నోట్లో పెట్టేదాకా కదలనిచ్చేది కాదు. ఆవిడకు ఉన్న ఒక్క విలాసం తాంబూలం. రొంటిన చిన్న ఇత్తడి సున్నపు కాయ దోపుకుని ఉండేది, దాని మూత తీసిన చప్పుడు వింటే ఆవిడ ఎక్కడుందో తెలిసేది. నేను ఆవిడ పోలికే అని అందరూ అనేవారు. అప్పుడు మురిసిపోయేదాన్ని.

అడవిని ఊరకే వదిలేస్తే ఊరి మీదికి వచ్చేసేది. ఏడాది తిరిగేసరికి చెట్ల మధ్య చెట్లు, వాటి కింద ఈతపొదలు, బలుసు, కంప, మధ్యలో ఎండిన బోద, అంతా చిక్కుపడిన జుట్టులాగా తయారయ్యేది. ఎండాకాలంలో లోపల ఎక్కడో ఏదో ఒక మూల నిప్పు అంటుకోకుండా ఉండదు. తేనె తీసేవాళ్ల పొగ కావచ్చు, చుట్టపీక కావచ్చు. తాటాకు ఇళ్లవాళ్లం, ఆ చిక్కు మా గుమ్మాల దాకా ఉంటే మాకు దిక్కు లేదు. అందుకని జొన్నకోతలయ్యాక, శివరాత్రి లోపల, ఇంటికొక మనిషి కత్తీ గొడ్డలీ పట్టుకుని అడవి మొదట్లోకి దిగేవారు. దాన్ని మా ఊళ్లో అంచు తీయడం అనేవాళ్లు. సర్కారు వారి రిజర్వు అడవి హద్దురాళ్లు చాలా లోపల ఉండేవి కనక అంచు మాదే, అడిగేవాళ్లు లేరు.

అంచు తీయడమంటే నరికెయ్యడం కాదు, పలచన చెయ్యడం. చెట్టుకూ చెట్టుకూ మధ్య జోడెద్దుల బండి వెనక్కి తిరిగి రాగలిగేంత ఎడం ఉండాలి, అదే కొలత. మగవాడు చెయ్యెత్తి కత్తి విసిరితే అందినంత మేర కింది కొమ్మలు పోవాలి. పొదలు వేళ్లతో సహా లేవాలి. రాలిన ఆకును ఆడవాళ్లు ఊడ్చి గంపలకెత్తి పెంటపోగులకు మోయాలి. ఊరి వైపున్న తాటిచెట్లకైతే పైన నాలుగు మట్టలు మాత్రం ఉంచి, మిగిలిన పచ్చాకూ ఎండాకూ అంతా దించెయ్యాలి. అలా చేస్తే లోపలి నుంచి వచ్చిన నిప్పుకు అంచులో కింద మేత దొరకదు, పైకెక్కడానికి మెట్టు దొరకదు. "ఆకలేసిన నిప్పు దానంతటదే పడుకుంటుంది" అనేవారు నాన్న. కొట్టిన కట్టె, కంప, తాటాకు ఏదైనా ఊరందరికీ సమంగా వాటాలు వేసేవారు.

ఏ చెట్టు ఉండాలి, ఏది పోవాలి అన్నది చెప్పే పని నాన్నది. అంతకు ముందు మా తాతది. పనికి ముందురోజు ఒక కుండలో సున్నం పట్టుకుని ఒక్కరే అంచంతా తిరిగి, ఉండవలసిన చెట్లకు తన ఛాతీ ఎత్తున బొట్టు పెట్టి వచ్చేవారు. బొట్టున్న చెట్టుకు, నేల మీద నుంచి చేతికందే కింది కొమ్మలకు తప్ప, కత్తి తగలకూడదు, మట్టైనా పై కొమ్మైనా తెంపకూడదు. ఆ మాటకు ఎదురు లేదు. ఎందుకంటే ఒక్క బొట్టును కాదన్నారంటే, మర్నాటి నుంచి ప్రతివాడూ తన గొడ్ల నీడ చెట్టుకు తనే బొట్టు పెట్టుకుంటాడు. చేను గట్టు జానెడు జరిగిందని అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునే ఊళ్లో, సున్నపు బొట్టు దగ్గర మాత్రం ఎవరూ నోరెత్తేవారు కాదు.

ఆ మూడు నాలుగు రోజులూ మాకు పండగే. అడవి మొదట్లోనే పెద్ద డేగిసాలు పెట్టి వంట. జొన్నన్నం, కందికాయల పులుసు, అమ్మ తెచ్చిన కొల్లేటి ఎండుచేపలు నిప్పుల మీద కాల్చి ఉప్పూ కారం నలిపిన ముద్ద. పాతర తవ్వి తీసిన తేగలు కుండలో కాల్చి పిల్లల వళ్లో పోసేవాళ్లు, నారలు పళ్లల్లో ఇరుక్కుంటే ఒకళ్లవి ఒకళ్లు లాక్కుంటూ నవ్వులు. కొట్టిన పచ్చికొమ్మల జిగురు వాసన, చెమట వాసన, లేత ఎండ. పని అయిపోయిన సాయంత్రం ఊళ్లోంచి చూస్తే అడవి తల దువ్వుకుని నిలబడినట్టు ఉండేది, చెట్ల మధ్య నుంచి అవతలి వెలుతురు కనిపించేది. అంత అందమైన అడవిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

నాకు తొమ్మిదో ఏడు. ఆ కార్తీకంలో గాలివాన వచ్చి మా ఇంటి కప్పు సగం ఎగరగొట్టింది. ఉన్న పాత ఆకుతోనే ఎలాగో అతుకులు వేశారు గాని వానాకాలం లోపల ఇల్లు మొత్తం మళ్లీ నేయించక తప్పదు. అంచుకూ ఊరికీ మధ్య, మా చేలో వరసగా ఏడు తాటిచెట్లు మావి ఉండేవి. మామ్మ ఆ చలికాలమంతా అరుగు మీద కూర్చుని వాటి వంకే చూసేది.

నాన్న బొట్లు పెట్టి వచ్చిన మర్నాడు, ఇంకా మంచు దిగుతుండగానే మామ్మ నన్ను లేపింది.

"ఒసే బుల్లీ, లే. ఈ కాయ పట్టుకెళ్లి మన ఏడు తాడిచెట్లకీ తలో బొట్టూ పెట్టేసి రా."

"నాన్న కదా మామ్మా పెట్టేది?"

"మీ నాన్నకి ఊరందరి కప్పులూ కనిపిస్తాయి, తన నెత్తి మీది కప్పే కనిపించదు. ఇవాళ గంగన్న ఎక్కాడంటే ఆకంతా ఊరు పంచుకుంటుంది, మనకి ముప్పయ్యో వంతు వస్తుంది. వైశాఖంలో దించుకుంటే మొత్తం మనదే. వానల్లో కప్పు లేకపోతే నీ నెత్తిన గిన్నె బోర్లించుకుంటావా? పో, ఎవరూ లేవకుండానే రా. వచ్చాక బెల్లమ్ముక్క ఇస్తాను."

మామ్మ బెల్లం పెడతానన్నదంటే అది ఎంత పెద్ద పనో నాకు అర్థమైంది. ఆవిడ సున్నపు కాయ ఎవరి చేతికీ ఇచ్చేది కాదు, నా చేతికి ఇచ్చింది. తడి మంచులో పాదాలు జిల్లుమంటుంటే పరిగెత్తాను. మామ్మలాగే నేనూ ఒక్క రవ్వ కూడా వృథా కాకుండా చూపుడువేలితో గోకి గోకి తీసి, ఏడు చెట్లకూ ఏడు బొట్లు గుండ్రంగా, నాన్నవి ఎలా ఉంటాయో అలాగే పెట్టాను. సున్నానికి వేలు మండుతోంది. అయినా ఎంత గర్వమో. ఇంటికి వచ్చి బెల్లం చప్పరిస్తూ, వానాకాలంలో తడవకుండా పడుకోబోయేది నా వల్లే అనుకున్నాను.

పొద్దెక్కాక పని మొదలైంది. తాటిచెట్లు ఎక్కే గంగన్న, నాన్నకు వరసకు తమ్ముడు, నడుముకు కత్తి కట్టుకుని మా వరస దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"అన్నయ్యా! ఇదేంటి, తాడిచెట్లకి కూడా బొట్లెట్టేశావ్? పెళ్లేమన్నా చేస్తున్నావా వీటికి?"

అందరూ నవ్వారు. నాన్నా నవ్వుతూనే వచ్చారు. వచ్చి మొదటి చెట్టు బొట్టు చూసి, రెండోది చూసి, నవ్వు ఆపేశారు. అన్ని చెట్లకూ బొట్టు తన ఛాతీ ఎత్తున ఉంటుంది. వీటికి మొలతాడు ఎత్తున ఉంది. ఆయన తలెత్తి ఆకు ఏరుతున్న పిల్లల వైపు చూశారు, అందరిలోంచీ నన్ను చూశారు. నేను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

"బొట్టుంది కదా గంగన్నా. ముట్టుకోకు" అన్నారు నాన్న.

"పచ్చాకు పోనీ. ఎండుమట్టలు చూడు, ముసలాడి గడ్డంలాగ ఎంత కిందకి దిగిపోయాయో. అవన్నా లాగనా?"

"బొట్టున్న చెట్టుకి కత్తి పెట్టకూడదన్నది నేనే కదరా. వదిలెయ్."

గంగన్న భుజాలు ఎగరేసి పక్క చేలోకి పోయాడు. ఆ రోజు ఎండుచేపల ముద్ద అమ్మకే తిరిగి ఇచ్చేశాను. సాయంత్రం అన్నాలయ్యాక అమ్మ ఆకులు తీస్తూ, "ఏవండీ, ఆ బొట్లు మీరు పెట్టినవి కావు కదండీ" అంది. నేను చాప మీద కళ్లు మూసుకుని ఉన్నాను.

నాన్న లేచి తలుపు గడియ వేసి వచ్చారు. "నావి కావంటే మరెవరివి అంటారు. మా అమ్మ పేరు బయటికి వస్తుంది. వచ్చే ఏటికల్లా ప్రతి గడపలోనూ ఒక సున్నపు కాయ లేస్తుంది. వైశాఖం దాకానే కదా, కళ్లు మూసుకుందాం."

"నిప్పుకి వైశాఖం, చైత్రం తెలుస్తాయేంటండీ" అంది అమ్మ. మర్నాడు గుమ్మం పక్కన ఆరో కుండ వచ్చింది.

నా చూపుడువేలి చివర చర్మం సున్నానికి ఊడిపోయింది. మామ్మ కొబ్బరినూనె రాసి గుడ్డపీలిక కట్టింది. వేలికి ఏమైందని నాన్న అడగలేదు. అడుగుతారేమోనని నేను ఆయన ముందుకు వెళ్లడం మానేశాను. అడిగితే బాగుండునని రోజూ అనుకున్నాను.

చైత్రం చివరి రోజులు. మిట్టమధ్యాహ్నం, పడమటి గాలి పొయ్యిలోంచి వచ్చినట్టు కొడుతోంది. అడవిలోంచి పక్షులు గుంపుగా ఊరి మీదుగా పోయాయి, ఆ వెనకే పొగ లేచింది. ఆడా మగా పచ్చికొమ్మలు విరుచుకుని అంచుకు పరిగెత్తారు. పిల్లలం ముంతలతో నీళ్లు మోశాం. నిప్పు ముందు చప్పుడు వినిపించింది, వందమంది ఎండుటాకుల మీద నడుస్తున్నట్టు. తరవాత చెట్ల మధ్య ఎర్రగా కనిపించింది. అంచు దాకా వచ్చింది. వచ్చి, నాన్న చెప్పినట్టే, కింద మేత దొరక్క, కొమ్మ అందక, నేల మీద సన్నగా పాకి పాకి కూలబడింది. మిగిలినదాన్ని కొమ్మలతో బాదేశారు. గంగన్న తువ్వాలు తలకు చుట్టుకుని, మసి మొహంతో గెంతులు వేశాడు. "పడుకుందిరోయ్, ఆకలేసి పడుకుంది!" అని అరిచాడు. నాన్న నా వైపు చూసి నవ్వారు. రెండు నెలల తరవాత అదే మొదటిసారి. నాకు ఏడుపు వచ్చినంత పని అయింది, ఇవాళ చెప్పెయ్యాలి అనుకున్నాను. నాన్నా, ఆ బొట్లు నేనే పెట్టాను అని. నోరు తెరిచాను కూడా.

అప్పుడే లోపలి నుంచి గాలి ఒక్క ఊపు ఊపింది. మండుతున్న ఆకొకటి, అరచేతి పాటిది, మా తలల మీదుగా తీరిగ్గా ఎగురుకుంటూ పోయి మా మూడో తాటిచెట్టు గడ్డంలో వాలింది. అంతే. కిందిదాకా వేలాడుతున్న ఎండుమట్టలు భగ్గుమని కింద నుంచి మొవ్వు దాకా ఒకేసారి లేచాయి. దాని నుంచి నాలుగోది, అయిదోది. ఏడు చెట్లూ ఏడు దివిటీల్లా నిలబడి, ఒక్కొక్క మండే మట్టనూ గాలికి అందిస్తుంటే, గాలి వాటిని తీసుకెళ్లి ఒక్కొక్క కప్పు మీదా పెట్టింది. మేము అంచులో ఉన్నాం. నిప్పు మాకు వెనక, ఊళ్లో ఉంది.

మామ్మకు మోకాళ్ల నొప్పి, ఇంట్లో మంచం మీద ఉంది. అమ్మ ఆవిడ దగ్గర ఉంది. కప్పు అంటుకోగానే అమ్మ ఆవిడను భుజాన వేసుకుని దున్నిన చేలోకి తెచ్చి దింపింది, అది పక్కింటావిడ చూసింది. తరవాత మళ్లీ లోపలికి వెళ్లింది. వాసానికి వేలాడగట్టిన విత్తనపు జొన్నల బుట్ట కోసం. విత్తనాలు అని మామ్మే అరిచిందో, అరవకుండానే అమ్మ వెళ్లిందో నాకు తెలియదు. నేను అడగలేదు. ఆ ఇంట్లో అడగకుండా ఉండిపోవడం అందరికీ అలవాటైపోయింది.

సాయంత్రానికి ఊరు చల్లారింది. గోడలు మిగిలాయి. మా గుమ్మం పక్కన ఆరు కుండలూ నిండుగా, నల్లగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాటిని ఎత్తే మనిషే లేదు. ఆ నీళ్లతోనే అమ్మకు స్నానం చేయించారు.

మామ్మ ఆ రోజు నుంచి తాంబూలం మానేసింది. సున్నపు కాయను పారెయ్యలేదు, ఆవిడ ఏదీ పారెయ్యదు. గోడ గూట్లో పెట్టింది, ఎప్పుడూ దాని వంక చూడలేదు. ఆ తరవాత నాలుగేళ్లు బతికింది. నాకు పన్నెండేళ్లు వచ్చాక ఒక మధ్యాహ్నం, జొన్నలు చెరుగుతూ ఉన్నట్టుండి, "నీ వేలు మానిందా బుల్లీ?" అని అడిగింది. మానిందన్నాను. చేట దులిపి మళ్లీ చెరగసాగింది. దాని గురించి మేమిద్దరం మాట్లాడుకున్నది ఆ ఒక్క మాటే.

కొత్త ఆకు వేసి, ఎలాగో ఇళ్లు లేపుకున్నారు. మళ్లీ మాఘం వచ్చింది. గంగన్న సున్నం తడిపి కుండ తెచ్చి నాన్న ముందు పెట్టాడు.

"అన్నయ్యా, లే. ఊరు నీ బొట్టు కోసం చూస్తోంది."

"నా బొట్టే కదరా ఊరిని తగలబెట్టింది" అన్నారు నాన్న.

"నువ్వు కావాలని పెట్టావా ఏంటి?"

నాన్న కుండను పక్కకు జరిపారు. అప్పుడైనా ఆ బొట్లు నావి కావు అనవచ్చు. అనలేదు. గుమ్మంలో నిలబడి వింటున్న నేనూ అనలేదు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని చేలోకి వెళ్లి, కాలిన ఏడు మొద్దుల దగ్గర పొద్దు గూకేదాకా కూర్చున్నారు. కుండలో సున్నం ఎండి పగుళ్లిచ్చింది.

ఇక ఎవరి బొట్టు వాళ్లదే అయింది. నాన్న ఏది జరగకూడదని నోరు మూసుకున్నారో అదే జరిగింది. ఇంటింటి నుంచీ ఒక సున్నపు కాయ బయలుదేరింది. ఇది మా గొడ్ల నీడ చెట్టు, ఇది మా తుమికి, ఇది మా నాగలి కర్రకు చూసుకున్నది అంటూ ఎవరికి నచ్చిన దానికి వాళ్లు పెట్టుకుంటూ పోయారు. కత్తులు పట్టుకుని దిగేసరికి అంచులో బొట్టు లేని చెట్టు ఒక్కటీ లేదు. పొద్దున కాసేపు తిట్టుకున్నారు, మధ్యాహ్నానికి ఎవరింటికి వాళ్లు పోయారు. ఆ సాయంత్రం అరుగు మీద నుంచి చూస్తే, చీకటి చిక్కులో ఎక్కడ చూసినా తెల్లటి బొట్లు. ఎంత పలచన చెయ్యాలో అంత దట్టంగా ఉంది అడవి, దాని మీద సున్నంతో సంతకాలు.

రెండేళ్లలో మరో రెండుసార్లు కాలింది. ఆ తరవాత ఒక్కొక్క ఇల్లే లేచిపోయింది. కొందరు ఏలూరు జూట్ మిల్లుకి, కొందరు పల్లంలో కూలికి. గంగన్న కుటుంబం ఎటు పోయిందో కూడా తెలియలేదు. మామ్మ పోయాక నాన్న నన్ను మేనమామ దగ్గర కొల్లేటి లంకలో వదిలారు. మూడో క్లాసుతో ఆగిన నా చదువు అక్కడ పూర్తిగా నీళ్లలో కలిసింది. లంకలో వేసవి వస్తే కిక్కిస ఎండి అంటుకునేది. మైళ్ల కొద్దీ మండినా ఎవరూ పట్టించుకునేవారు కాదు, పడవల మీద కూర్చుని చుట్టలు కాల్చుకుంటూ చూసేవాళ్లు. నేను మాత్రం అత్తయ్య తిట్టినా వినకుండా గుమ్మంలో కుండలు నింపేదాన్ని. నాన్న నెలకోసారి వచ్చి, కాసేపు కూర్చుని, నా తల మీద చెయ్యి వేసి వెళ్లేవారు. ప్రతిసారీ ఇవాళ చెబుతాను అనుకునేదాన్ని. పడవ తాడు విప్పేదాకా గట్టు మీద నిలబడి, ఇంకా చెబుతాను అనుకునేదాన్ని. నా పెళ్లి కాకముందే ఆయన పోయారు. ఊరిని కాల్చినవాడిగానే పోయారు.

ఈ మధ్య మా అల్లుడు కారులో పెదవేగి వైపు తీసుకెళ్లాడు. ఆ చోటు కనుక్కుందామని నేనే అడిగాను. ఎర్రమట్టి బాట తారు రోడ్డయింది. అడవి లేదు. మోదుగ లేదు, తుమికి లేదు, తాటిచెట్టు ఒక్కటీ లేదు. ఎటు చూసినా పామాయిల్ తోటలే, గీత గీసినట్టు వరసలు. ఆ వరసల మధ్య నరికేసిన ఎండుమట్టలు మోకాలెత్తు పోగులు. గెలలు మోస్తున్న ఒకావిడను ఆపి అడిగాను.

"ఇక్కడ అడవి ఉండాలి కదమ్మా?"

"అడవేంటండీ మామ్మగారూ, మా చిన్నప్పట్నుంచీ తోటలే కదండీ."

"మరి ఈ ఎండుమట్టలు తియ్యరా?"

"ఎందుకండీ తియ్యడం, అక్కడే కుళ్లుతాయి. ఎండల్లో ఒక్కోసారి అంటుకుంటాయనుకోండి. ఫైరింజన్ వస్తుంది."

ఆవిడ గెల ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆరు కుండల చోటు ఎక్కడో నాకు దొరకలేదు. అంచు తీయడం అనే మాట తెలిసిన మనిషి ఈ జిల్లాలో నేను ఒక్కదాన్నే మిగిలానేమో. నాకు తెలిసి ఎవరికి ఉపయోగం?

ఇది రాస్తుండగానే పక్కింటి అమ్మాయి ప్రహరీ మీదుగా పిలిచింది. చెయ్యంతా తెల్లగా, చెంబు పట్టుకుని ఉంది.

"మామ్మగారూ, సున్నం సగం పీపా మిగిలిపోయిందండీ. ఊరికే పాడవుతుంది, మీ పెరటి గోడకి వేయించమంటారా? మీరు ఏదీ పోనివ్వరు కదా."

ఆ తెల్లటి చూపుడువేలి వంక చూశాను. నా జన్మలో ఎవరికీ చెప్పని మాట, నా నోటి నుంచి వస్తుందని ఎవరూ నమ్మని మాట చెప్పాను.

"పారబొయ్యి అమ్మా" అన్నాను.